వేర్‌హౌస్ షిఫ్టులకి ఏ షూ మంచివి? మడమ, నడుం నొప్పి

అందరికీ నమస్కారం. సెప్టెంబర్ ఇన్‌టేక్‌లో మాస్టర్స్‌కి యూకేలోని బర్మింగ్‌హామ్ వచ్చాను. వారానికి 20 గంటలు వేర్‌హౌస్‌లో పికింగ్ (ఆర్డర్లకి సామాను ఏరి తేవడం) చేస్తున్నా. సేఫ్టీ షూ నన్నే కొనుక్కోమన్నారు, చవకలో దొరికినవి తీసుకున్నా. ఇప్పుడు పొద్దున మంచం దిగి అడుగు వేస్తే మడమలో సూది గుచ్చినట్టు ఉంటోంది. షిఫ్ట్ అయ్యేసరికి నడుం పట్టేస్తోంది. ఖరీదైన షూ కొంటే తగ్గుతుందా అన్నా?

—

తమ్ముడూ, ముందు డబ్బు సంగతి. ఆ పనికి సేఫ్టీ షూ తప్పనిసరైతే, అవి ఉచితంగా ఇవ్వాల్సిన బాధ్యత పనిలో పెట్టుకున్నవాళ్లది. 1992లో ఇక్కడ చేసిన పీపీఈ (పనిలో రక్షణ కోసం వేసుకునేవి) నిబంధన ఇది. 2022 ఏప్రిల్ నుంచి క్యాజువల్‌గా పనిచేసేవాళ్లకీ వర్తించేలా మార్చారు. మొహమాటపడకుండా ఈమెయిల్‌లోనే అడుగు.

నువ్వు చెప్పింది ప్లాంటార్ ఫేషియైటిస్‌లా ఉంది. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. కాంక్రీటు మీద గంటల తరబడి నడిస్తే అది మడమ దగ్గర దెబ్బతింటుంది. రాత్రంతా కదలక బిగుసుకుపోతుంది కాబట్టి పొద్దున మొదటి అడుగులకే ఎక్కువ నొప్పి. ఆ మడమని కాపాడుకోవాలని మనకి తెలియకుండానే నడక మార్చేస్తాం, ఆ భారం మోకాలి మీదా నడుం మీదా పడుతుంది.

షూకి ధరకన్నా కొలత ముఖ్యం. షిఫ్ట్ అయ్యాక, పనికి వేసుకునే సాక్సులతోనే తొడిగి చూడు, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. స్టీల్ టో (షూ ముందు వేళ్ల మీద ఉండే ఉక్కు కవచం) వాడేకొద్దీ సాగదు, అందుకని వేళ్లు నొక్కుకుంటే వైడ్ ఫిట్ అడుగు. కాంపోజిట్ టో (ఉక్కు బదులు ప్లాస్టిక్, ఫైబర్ లాంటివాటితో చేసింది) అయితే బరువు తక్కువ. షూని వంచితే వేళ్ల దగ్గర వంగాలి, మధ్యలో మడత పడితే వద్దు. ఇంకొకటి, మనలో చాలామందిమి లేసు విప్పకుండా చెప్పులు తొడిగినట్టు కాలు దూర్చేస్తాం. దాంతో వెనకభాగం నలిగిపోయి మడమకి పట్టు ఉండదు. దయచేసి ప్రతిసారీ లేసు విప్పి కట్టుకో.

—

లీడ్స్ నుంచి అక్కని, కేర్ హోమ్‌లో పని. రూముకొచ్చాక గచ్చు మీద ఉత్తికాళ్లతో తిరగకు నాన్నా. బయటి చెప్పులు లోపలికి రానివ్వని అలవాటు మనది, అందుకని ఇంట్లోకని మెత్తటి జత విడిగా పెట్టుకో. గోడకి చేతులు ఆనించి పిక్కలు సాగదీసే వ్యాయామం రోజూ చెయ్యి.

నడుం నొప్పి మాత్రం షూతోనే పోతుందనుకోకు. ఇన్‌సోల్స్ (షూ లోపల వేసుకునే మెత్తలు) నడుం నొప్పి రాకుండా ఆపలేవని పరిశోధనల సమీక్షల్లో తేలింది, వాటికి బోలెడు పౌండ్లు పోయకు. బరువులు ఎలా ఎత్తుతున్నావో చూసుకో. వీసాతోపాటు హెల్త్ సర్‌చార్జ్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యానికి కట్టే ఫీజు) కట్టే వచ్చావు కదా, జీపీ (ఏరియా క్లినిక్‌లో ఉండే డాక్టర్) దగ్గర రిజిస్టర్ అవ్వు. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల జీపీని కలవకుండానే ఫిజియోకి నేరుగా అప్లై చేసుకోవచ్చు. తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం మీద పట్టు తప్పినా, రెండు కాళ్లూ బలహీనపడినా ఆగకు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లు.