దుబాయ్ నంబర్ కారుకు వేసిన చలాన్ నా స్కూటీ మీద పడింది. కట్టాలా, వద్దా?

పోచమ్మమైదాన్ పిలగాడు:
అందరికీ నమస్తే. మా బావ 14 ఏళ్ళుగా దుబాయ్‌లో ఉంటున్నాడు. బిడ్డ పెళ్ళని మూడు వారాల కింద వచ్చాడు, కారును కూడా ఓడలో ముంబైకి తెప్పించుకున్నాడు. అక్కడి నంబరే, స్టీరింగ్ ఎడమ వైపు. కార్నెట్ పుస్తకం (డ్యూటీ కట్టకుండా కొంతకాలానికి బండిని వేరే దేశానికి తెచ్చుకోవడానికి ఇచ్చే కాగితం) ఉంది, ముంబైలో కస్టమ్స్ ముద్ర పడింది, ఇక్కడి ఇన్సూరెన్స్ కూడా తీసుకున్నాం.

మొన్న శనివారం హన్మకొండలో పెళ్ళి బట్టలకు వెళ్ళి షాపు ముందు రోడ్డు పక్కనే కారు పెట్టాం. అక్కడ పెట్టమన్నది నేనే. గంటన్నర తర్వాత వచ్చి చూస్తే ముందు చక్రానికి పసుపు లాక్. కానిస్టేబుల్ నంబర్ కొడుతుంటే మెషీన్ తీసుకోవడం లేదు. ప్లేటు మీద ఉన్నది ఒక ఇంగ్లీషు అక్షరం, అయిదు అంకెలు, అరబీలో దుబాయ్ అన్న మాట. ఎండకు స్క్రీన్ కనబడక చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగుసార్లు కొట్టి చూశాడు. చివరికి "నీకు బండి ఉందా?" అని అడిగాడు. స్కూటీ నంబర్ చెప్పాను. లాక్ తీసి పంపించాడు. ఇంటికి చేరేసరికి ఫోన్‌కు మెసేజ్. నా స్కూటీకి రాంగ్ పార్కింగ్ చలాన్. తెరిచి చూస్తే ఫొటోలో ఉన్నది బావ కారు.

కట్టి ఊరుకోనా, వెళ్ళి అడగనా?

కాజీపేట ఆటో:
కట్టెయ్ తమ్మీ. రోడ్డు మీద పెట్టించింది నువ్వే అంటున్నావు. ఇంక అడిగేది ఏముంది?

సుబేదారి రిటైర్డ్:
కట్టొద్దు బాబూ. కారు తప్పు చోట పెట్టారా లేదా అన్నది వేరే సంగతి. చలాన్ అంటే రికార్డు. ఫలానా తేదీన, ఫలానా గంటకు, ఫలానా నంబర్ బండి ఫలానా చోట ఉందని రాసిన కాగితం. ఆ గంటకు నీ స్కూటీ మీ ఇంట్లో ఉంది. డబ్బు కట్టావంటే లేనిదాన్ని ఉన్నట్టు నువ్వే ఒప్పుకున్నావని అర్థం. ముప్ఫై ఏళ్ళు ఆఫీసులో ఫైళ్ళు చూసిన అనుభవంతో చెప్తున్నా, తప్పు రాత ఒకసారి ఎక్కితే దాన్ని దించడం ఎంత కష్టమో నాకు తెలుసు. నా సర్వీసు పుస్తకంలో పుట్టిన సంవత్సరం ఒక్క అంకె తప్పు పడితే, పెన్షన్ కోసం ఏడాదిన్నర తిరిగాను.

ములుగు రోడ్:
అక్కడ నో పార్కింగ్ బోర్డు ఉందా? లేకపోతే చలానే చెల్లదు.

పోచమ్మమైదాన్ పిలగాడు:
బోర్డు నాకు కనబడలేదు అన్నా.

సుబేదారి రిటైర్డ్:
మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్‌కు బోర్డుతో పని లేదు. పదిమంది తిరిగే చోట అడ్డంగా, ప్రమాదంగా, ఇబ్బందిగా బండిని వదిలితే చాలు. లాక్ సంగతి 127వ సెక్షన్‌లో ఉంది. పార్కింగ్ నిషేధించిన చోట పెట్టినా, పది గంటలకు పైగా వదిలేసి పోయినా యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి చక్రానికి లాక్ వేయించవచ్చు, టోయింగ్ చేయించవచ్చు. మీరు వదిలింది గంటన్నర. అంటే లాక్ వేయాలంటే అది నిషేధించిన చోటు అయి ఉండాలి. బోర్డు లేదంటున్నావు. లాక్ ఎట్లా వేశారు?

ములుగు రోడ్:
నేనూ అదే కదా సార్ అంటున్నది, బోర్డు.

సుబేదారి రిటైర్డ్:
కాదు, మీరు చలాన్ చెల్లదన్నారు. నేను లాక్ చెల్లదంటున్నాను. రెండూ వేరు.

జగిత్యాల గల్ఫ్:
అసలు ఆ బండి ఇక్కడ తిరగవచ్చా అని ఎవరూ అడగలేదు, నేను చెప్తాను. తిరగవచ్చు. కార్నెట్ మీద 6 నెలలు. ఆ లోపు మళ్ళీ ఓడ ఎక్కించి కస్టమ్స్ ముద్ర వేయించుకోవాలి, లేకపోతే డ్యూటీ మొత్తం మెడకు చుట్టుకుంటుంది. ఇక్కడ అమ్ముకోవడానికి లేదు. ఇక్కడి నంబర్ చేయించుకుందామంటే అదీ కుదరదు. వాడిన కారు తెచ్చుకోవాలంటే స్టీరింగ్ కుడి వైపు ఉండాలి, బండి తయారై 3 ఏళ్ళు దాటకూడదు. దుబాయ్ బండి మొదటి దాంట్లోనే పోతుంది. నేను తొమ్మిదేళ్ళు షార్జాలో ఉన్నాను, తెచ్చుకోవాలని కనుక్కుని ఊరుకున్నాను. మీ బావకు ఇబ్బంది లేదు, కాగితాలు మాత్రం బండిలోనే ఉంచమను.

నక్కలగుట్ట అక్క:
తొందరెందుకు తమ్ముడూ, రాయితీ వచ్చేదాకా ఆగు. 2023 డిసెంబరులో టూవీలర్లకు 80 శాతం తగ్గించారు, కార్లకు 60 శాతమే. నీది ఎటూ స్కూటీ మీదే ఉందాయె.

కాజీపేట ఆటో:
ఇగో, ఈ మాటకే నాకు కడుపు మండేది. 2023 నవంబరులో నా ఆటో మీద ఉన్న చలాన్లన్నీ కట్టాను. చిట్టీ ఎత్తిన డబ్బులు. ఒక్క రూపాయి మిగల్చలేదు. నెల తిరగలేదు, రాయితీ అన్నారు. కట్టనోడు గెలిచాడు, కట్టినోణ్ణి నేను ఓడిపోయాను. ఇప్పుడు కారుకు పడ్డదాన్ని స్కూటీ లెక్కన కట్టమని సలహా ఇస్తున్నారా?

నక్కలగుట్ట అక్క:
నాకు తెలిసింది చెప్పాను, నా మీద అరవకండి.

సుబేదారి రిటైర్డ్:
రాయితీ ఉన్నా లేకపోయినా రికార్డు తప్పే. ముందు దాన్ని సరిచేయించాలి.

కాజీపేట ఆటో:
సార్, మీరు రికార్డు పట్టుకుని వేలాడుతున్నారు. ఒక్కటి చెప్పండి. ఆ కానిస్టేబుల్ పెద్ద కారు చూశాడు, నలుగురు బంగారం వేసుకుని దిగారు. "నీకు బండి ఉందా?" అని మర్యాదగా అడిగి లాక్ తీశాడు. మెషీన్ నంబర్ తీసుకోకపోతే నన్ను అట్లా అడుగుతారా? ఆటోను స్టేషన్‌కు తోలుకుపోతారు. ఆ రోజు కిరాయి పాయె, తెల్లారి ఫైనాన్సు వాడు ఇంటి ముందు నిలబడుడాయె. స్టేషన్ దగ్గర ప్యాసింజర్‌ను దించి సంచులు అందిస్తుండగా ఫొటో కొట్టారు నాకు. అరనిమిషం కూడా లేదు. వీళ్ళు గంటన్నర పెట్టారు. ఇక్కడ కారు కొనేవాళ్ళు ఈ రోడ్డుకు పన్ను కడతారు, లైఫ్ ట్యాక్స్ 13 శాతం నుంచి మొదలు. ఆ దుబాయ్ బండి ఈ రోడ్డుకు ఏం కట్టింది?

పోచమ్మమైదాన్ పిలగాడు:
అన్నా, నువ్వు అన్నదాంట్లో నిజం ఉంది, కాదనను. కానీ బంగారం, పెద్ద కారు అన్నావు, అది బాధగా ఉంది. మా బావ పోయింది సెంట్రింగ్ పనికి. వాళ్ళ నాయన చనిపోతే పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉండి మట్టికి కూడా రాలేకపోయాడు. ఇప్పుడు చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నాడు. ఆ కారు సెకండ్ హ్యాండే. అత్తమ్మ దుబాయ్ చూడలేదు, చూసేదీ లేదు, మోకాళ్ళు పనిచేయవు. కొడుకు అక్కడ నడిపే కారులో ఒకసారి కూచుని వేములవాడ పోయి వస్తే చాలంది. పోయి వచ్చాం. మన దగ్గర డ్రైవర్ కూచునే వైపు అత్తమ్మ కూచుంటే దారి పొడుగునా మందికి చూపించుకుంది. దాని కోసం తెచ్చాడు, షోకు కోసం కాదు.

కాజీపేట ఆటో:
మీ బావ కష్టాన్ని నేను అనలేదు తమ్మీ. మా అన్న మస్కట్‌లో పదకొండేళ్ళు చేసి ఒక పెట్టెతో వచ్చాడు, నాకు తెలియదా? నేను అడిగేది ఒకటే. దుబాయ్‌లో మీ బావ ఇట్లా షాపు ముందు రోడ్డు మీద బండి వదిలి లోపలికి పోతాడా?

జగిత్యాల గల్ఫ్:
పోడు. అక్కడ ఫోన్ నుంచి మెసేజ్ పెట్టి పార్కింగ్ డబ్బు కట్టాకే బండి దగ్గర నుంచి కదులుతాం. కట్టకపోతే ఫైన్, ఆ ఫైన్ తీర్చకపోతే ముల్కియా, అంటే అక్కడి ఆర్సీ, రెన్యువల్ కాదు.

కాజీపేట ఆటో:
అక్కడ భయపడి ఇక్కడికి రాగానే ఎందుకు మర్చిపోతారు? ఆ షాపుకు సెల్లార్ ఉంటుంది. పార్కింగ్ అని చూపించి కట్టి, లోపల బట్టల మూటలు పేరుస్తారు. గిరాకీ బండ్లన్నీ రోడ్డు మీదికి వస్తాయి. అడ్డమని తోలేది ఎవరిని? ఆటోలను, తోపుడు బండ్లను. నా కోపం నీ మీద కాదు, దాని మీద.

ములుగు రోడ్:
సెల్లార్ మాట నిజం. పెళ్ళిళ్ళ సీజన్‌లో నడవడానికే జాగ ఉండదు.

పోచమ్మమైదాన్ పిలగాడు:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. బావను తీసుకుని సోమవారం వెళ్ళాను. కార్నెట్ జిరాక్స్, ఆయన లైసెన్సు, నా స్కూటీ ఆర్సీ, చలాన్ ఫొటో పెట్టి అర్జీ రాసిచ్చాను. స్కూటీ మీది చలాన్ తీసేశారు, ఇవాళ సైట్‌లో చూస్తే ఏమీ లేదు. బావ పేరున, ఆయన లైసెన్సు నంబర్‌తో వేరేగా రాశారు. ఆయనే నిలబడి మొత్తం కట్టాడు. రాయితీ కోసం ఆగుదామా అని నేను అంటే నా వైపు చూసి ఊరుకున్నాడు. తర్వాత కొనాల్సిన బట్టలకు ఆటోలో పోయి వచ్చాం.

కాజీపేట ఆటో:
మంచిగ చేశారు తమ్మీ. పెళ్ళి మంచిగ జరగాలి.

సుబేదారి రిటైర్డ్:
స్కూటీ మీద తీయించావు, సంతోషం. రసీదు మీద ఏ సెక్షన్ రాశారు బాబూ?

పోచమ్మమైదాన్ పిలగాడు:
122 అని ఉంది సార్.

సుబేదారి రిటైర్డ్:
127 రాయలేదంటే అది నిషేధించిన చోటని వాళ్ళే అనడం లేదు. అయినా లాక్ వేశారు. ఆ రసీదు పారేయకు, దాని మీద నేనొక అర్జీ రాసిస్తాను.