అమెరికా అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం రోజు: చట్టం ఏది, ఆనవాయితీ ఏది?

తెలుగుమాష్టారు:
హైస్కూలు పిల్లలకి అమెరికా అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం మీద ఒక పీరియడ్ పాఠం తయారుచేస్తున్నాను. టీవీలో చూస్తే పొద్దున చర్చి, తర్వాత టీ, బైబిల్, ఫిరంగులు, విందు, పరేడ్, రాత్రికి డాన్సులు, అన్నీ ఒకే వరసలో సాగిపోతాయి. వీటిలో రాజ్యాంగం తప్పనిసరి చేసినవి ఏవి, వాడుకగా వచ్చినవి ఏవి? ప్రమాణం చదవడంలో తడబడితే, లేదా పన్నెండు దాటిపోతే పదవి వచ్చినట్టా కానట్టా? గంటల వారీ క్రమం కూడా ఎవరైనా చెప్తే బాగుంటుంది. ఇంకోటి, 2029లో వెళ్లి చూడాలనుకుంటున్న బంధువులు టికెట్లు ఎలాగని అడుగుతున్నారు.

పాతపత్రిక:
మాష్టారూ, తప్పనిసరివి రెండే. ఒకటి టైము, రెండోది ప్రమాణ వాక్యం.

టైము 20వ సవరణలో ఉంది: జనవరి 20 మధ్యాహ్నం 12కి పాత పదవీకాలం ముగుస్తుంది, కొత్తది మొదలవుతుంది. అంతకుముందు మార్చి 4న జరిగేది. నవంబరులో గెలిచినవాడు మార్చి దాకా ఖాళీగా కూర్చోవాలి. 1932-33 శీతాకాలంలో బ్యాంకులు కూలిపోతుంటే ఈ నాలుగు నెలల ఖాళీ ఎంత నష్టమో దేశానికి తెలిసొచ్చింది. సవరణ 1933లో ఆమోదం పొందింది. జనవరి 20న మొదటిసారి ప్రమాణం చేసింది 1937లో, రూజ్‌వెల్ట్.

ప్రమాణ వాక్యం రెండో అధికరణంలో ఉంది, ఇంగ్లీషులో 35 మాటలు. 'ప్రమాణం చేస్తున్నాను' అనొచ్చు, 'ధ్రువీకరిస్తున్నాను' అనొచ్చు. 1853లో ఫ్రాంక్లిన్ పియర్స్ రెండోదే ఎంచుకున్నాడు. చివర్లో దేవుడి సాయం కోరే మాట ఆ 35లో లేదు. బైబిల్ కూడా రాజ్యాంగంలో లేదు: 1825లో జాన్ క్విన్సీ ఆడమ్స్ చట్టాల పుస్తకం మీద చెయ్యేశాడు. ప్రధాన న్యాయమూర్తే చేయించాలన్న నియమమూ లేదు. 1923లో అధ్యక్షుడు హార్డింగ్ చనిపోయినప్పుడు ఉపాధ్యక్షుడు కూలిడ్జ్ వెర్మాంట్‌లో తండ్రి ఇంట్లో ఉన్నాడు. ఆ తండ్రి నోటరీ కావడంతో అర్ధరాత్రి కిరసనాయిలు దీపం వెలుగులో కొడుకుచేత ఆయనే చదివించాడు. 1963లో కెన్నడీ హత్య తర్వాత జాన్సన్‌చేత విమానంలో చదివించింది శారా హ్యూస్ అనే ఫెడరల్ జిల్లా జడ్జి. అధ్యక్షుడిచేత ప్రమాణం చేయించిన మహిళ ఇప్పటిదాకా ఆమె ఒక్కరే.

ఇక తడబాటు సంగతి. 12 కొట్టగానే పదవి వచ్చేస్తుంది, ప్రమాణం అయిదు నిమిషాలు ఆలస్యమైనా సరే. కాకపోతే అధికారం వాడడానికి ముందు ప్రమాణం చేసి ఉండాలని రాజ్యాంగం అంటుంది. 2009లో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ కాగితం చూడకుండా చెప్పారు. మొదటి ముక్క పూర్తి కాకముందే ఒబామా అందుకున్నారు. దాంతో వరస తప్పి, 'నమ్మకంగా' అనే అర్థమిచ్చే మాట వాక్యం చివరికి పోయింది. ఏ కోర్టులోనూ వంకకు తావు ఉండకూడదని మర్నాడు సాయంత్రం వైట్ హౌస్ మ్యాప్ రూమ్‌లో మళ్లీ చదివించారు, అదీ బైబిల్ లేకుండానే. మీ పిల్లలచేత క్లాసులో నాటకంగా వేయిస్తే, ఏ ముక్క దగ్గర ఆపాలో గీతలు గీసిన కాగితం ఇద్దరి చేతుల్లోనూ పెట్టండి. తప్పు దొర్లేది మాటల్లో కంటే ఆగే చోట్లలోనే.

తూర్పుతీరం:
గంటల క్రమం నేను చెప్తాను. వీటిలో ఒక్కటి కూడా చట్టం కాదు, ఏ ఏడాదైనా ఏదైనా జారిపోవచ్చు.

పొద్దున వైట్ హౌస్ ఎదురుగా ఉన్న సెయింట్ జాన్స్ చర్చిలో ప్రార్థన. పది గంటల ప్రాంతంలో పాత, కొత్త దంపతులు వైట్ హౌస్‌లో టీ తాగుతారు. తర్వాత ఇద్దరు అధ్యక్షులూ కలిసి క్యాపిటల్‌కి, అంటే అక్కడి పార్లమెంటు భవనానికి, బయల్దేరతారు. ఇది 1837 నాటి ఆనవాయితీ, జాక్సన్, వాన్ బ్యూరెన్ ఒకే బండిలో వెళ్లారు. పాతవాళ్లు రాని సందర్భాలూ ఉన్నాయి: 1801, 1829, 1869, 2021.

వాళ్లు గేటు దాటిన క్షణం నుంచి వైట్ హౌస్‌లో అసలు పని మొదలవుతుంది. టీవీ దీన్ని చూపించదు గానీ నా దృష్టిలో ఆ రోజంతటిలో గొప్ప పని ఇదే. పాత కుటుంబం సామాను దించాలి, కొత్త కుటుంబం బట్టలు అల్మారాల్లో సర్దాలి. భద్రత కారణంగా బయటి ప్యాకర్లను లోపలికి రానివ్వరు. వంటవాళ్లు, తోటమాలులు, ఎలక్ట్రీషియన్లు సహా ఇంటి సిబ్బందే మోస్తారు. ఉన్నది అయిదారు గంటలే. పరేడ్ చూసి కొత్తవాళ్లు లోపల అడుగుపెట్టేసరికి వాళ్ల టూత్ బ్రష్ కూడా దాని చోట ఉండాలి.

క్యాపిటల్ దగ్గర పన్నెండుకు కాస్త ముందు ఉపాధ్యక్షుడి ప్రమాణం. ఆయన చదివేది రాజ్యాంగంలోని 35 మాటలు కాదు, సెనేటర్లు చదివేదే. తర్వాత అధ్యక్షుడి ప్రమాణం. వెంటనే డ్రమ్ములు, బ్యూగుల్స్ నాలుగుసార్లు, మెరైన్ బ్యాండ్ వాయించే అధ్యక్షుడి గౌరవ గీతం 'హెయిల్ టు ద చీఫ్', 21 ఫిరంగుల వందనం, ప్రసంగం. దిగిపోయిన అధ్యక్షుడు తూర్పు వైపు నుంచి హెలికాప్టర్‌లో వెళ్లిపోవడం 1977లో ఫోర్డ్‌తో వచ్చింది. క్యాపిటల్‌లోని ప్రెసిడెంట్స్ రూమ్‌లో కొత్త అధ్యక్షుడు పదవులకు ఎంచుకున్నవాళ్ల నామినేషన్ల మీద సంతకాలు పెట్టడం 1981 నుంచి. విందు 1953 నుంచి, ఆ ఏడాది వడ్డించింది క్రీమ్ చికెన్, హామ్, బంగాళదుంప పఫ్‌లు. పరేడ్ పెన్సిల్వేనియా అవెన్యూ మీద సుమారు మైలున్నర. 1977లో కార్టర్ కారు దిగి నడిచాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది కొంత దూరమైనా నడుస్తున్నారు.

రాత్రి బాల్స్, అంటే డాన్సు వేడుకలు. మొదటిది 1809లో మాడిసన్‌ది, టికెట్ నాలుగు డాలర్లు. 1873లో గ్రాంట్ కోసం తాత్కాలికంగా కట్టిన హాలులో వెచ్చదనానికి ఏర్పాటే లేదు. తినుబండారాలు గడ్డకట్టాయి, అతిథులు కోట్లతోనే డాన్సు చేశారు, పాడతాయని పంజరాల్లో వేలాడదీసిన కనారీ పిట్టలు చలికి చచ్చిపోయాయి.

లెక్కలరమ:
పాతపత్రిక గారు చెప్పినదానికి చిన్న చేర్పు. తేదీ ఆదివారం పడితే ఆ రోజు నాలుగు గోడల మధ్య ప్రమాణం చేయించి, సోమవారం 21న అందరి ముందూ మళ్లీ చేయిస్తారు: 1957, 1985, 2013. తర్వాతది 2041. పిల్లలకి క్విజ్ ప్రశ్న కావాలంటే: రెండుసార్లే గెలిచిన ఒబామా ఎన్నిసార్లు ప్రమాణం చేశారు? జవాబు నాలుగు.

ప్రమాణ వేదిక వెనక వేలాడే అయిదు జెండాలను కూడా చూపించండి. నడిమిది నేటి 50 నక్షత్రాలది. దానికి రెండు పక్కలా ఉండేవి కొత్త అధ్యక్షుడి రాష్ట్రం యూనియన్‌లో చేరిననాటి జెండాలు, ఒబామాకి ఇల్లినాయ్ కాబట్టి 21 నక్షత్రాలవి. ఆ చివరా ఈ చివరా 13 నక్షత్రాలు గుండ్రంగా ఉన్నవి. ఫొటోలో నక్షత్రాలు లెక్కపెడితే అధ్యక్షుడి రాష్ట్రం ఎన్నోదో పట్టుకోవచ్చు.

బైబిల్ విషయంలో తాజా ఉదాహరణ 2025. ట్రంప్ భార్య రెండు బైబిళ్లు పట్టుకుని నిలబడ్డారు, ఆయన వాటి మీద చెయ్యి పెట్టలేదు. ప్రమాణం చెల్లింది. అదే రోజు ఉపాధ్యక్షుడిగా ప్రమాణం చేసిన జె.డి. వాన్స్‌కి బైబిల్ పట్టుకున్నది తెలుగు మూలాలున్న ఆయన భార్య ఉష. క్లాసులో ఆ ఫొటో పెడితే పిల్లలు వెంటనే లేచి కూర్చుంటారు.

తెలుగుమాష్టారు:
అందరికీ ధన్యవాదాలు. జెండాల లెక్క తప్పకుండా వాడతాను. టికెట్ల సంగతి కూడా చెప్పండి.

తూర్పుతీరం:
2029 జనవరి 20 శనివారం. క్యాపిటల్ పడమటి వైపు జరిగే వేడుకకి టికెట్లు పూర్తిగా ఉచితం. అవి సెనేటర్లు, ప్రతినిధుల ఆఫీసుల ద్వారానే వస్తాయి. డబ్బు అడిగారంటే మోసమే. అక్కడున్న బంధువులు తమ నియోజకవర్గ ప్రతినిధి వెబ్‌సైట్ నవంబరు ఎన్నిక అవగానే చూసుకోవాలి. డిమాండ్ ఎక్కువ, చాలా ఆఫీసులు లాటరీ తీస్తాయి. పరేడ్ స్టాండు సీట్లు, బాల్స్ వేరే కమిటీ చూస్తుంది, వాటిలో కొన్నిటికి రుసుము ఉంటుంది. టికెట్ లేనివాళ్లు క్యాపిటల్ ఎదుటి మైదానమైన నేషనల్ మాల్‌లో వెనక నిలబడి పెద్ద తెరల మీద చూడొచ్చు.

గొడుగు, మడత కుర్చీ, ఫ్లాస్కు, పిల్లల బండి గేటు దగ్గరే ఆపేస్తారు. వానకి రెయిన్‌కోటే గతి. టికెట్ రంగుని బట్టి గేటు మారుతుంది, కాబట్టి ఏ వీధి నుంచి రావాలో ముందురోజే మ్యాప్‌లో చూసుకోవాలి. 2009లో ఊదారంగు టికెట్ల వాళ్లను థర్డ్ స్ట్రీట్ సొరంగంలో వరస కట్టించారు. లోపల దారి చెప్పే సిబ్బంది లేరు, బోర్డులు లేవు. చేతిలో టికెట్ ఉండి కూడా వేలమంది ప్రమాణం చూడలేకపోయారు.

పాతపత్రిక:
చలిని కూడా లెక్కలో వేసుకోమనండి. 1985లో మధ్యాహ్నం మైనస్ 14 సెల్సియస్ ఉంది. ప్రమాణాన్ని క్యాపిటల్ గుమ్మటం కింది రొటుండాలోకి మార్చారు, పరేడ్ రద్దయింది. 2025లోనూ చలికే లోపలికి మార్చారు. బయటికోసం పంచిన టికెట్లు రెండు లక్షలకు పైనే, రొటుండాలో పట్టేది సుమారు 600 మంది. ఆ నిర్ణయం మూడు రోజుల ముందు వెలువడింది. అందుకని విమానం, హోటల్ రెండూ రద్దు చేసుకోగలిగే పద్ధతిలోనే బుక్ చేయమనండి.