ఆకులు తినే పురుగుకు మందు కొట్టాలా, వదిలేయాలా?

పెరటి బాటసారి:
కొత్తగా చేరిన ఇంటి పెరట్లో పేరు తెలియని పొదలు రెండున్నాయి. ఒకటి నడుమెత్తు ఉంటుంది. నిగనిగలాడే వెడల్పాటి ఆకులు ఎదురెదురుగా వస్తాయి. పూలు తెల్లనివి, రేకులన్నీ ఒకే వైపుకు మెలితిరిగి ఉంటాయి. ఆకు తుంచితే పాలు కారతాయి. దాని పై కొమ్మల్లో ఆకులు పోయి నడిమి ఈనెలే మిగిలాయి. కింద నేల మీద మిరియాలంత నల్లటి ఉండలు పడుతున్నాయి కానీ పురుగు మాత్రం కనబడదు. రెండోది మనిషిని మించిన ఎత్తు. సన్నని పొడవాటి ఆకులు, గులాబిరంగు పూలు. చిగుళ్ల నిండా పసుపుపచ్చని చిన్న పురుగులు, వాటి మధ్య చీమల బారు. తెలిసినవారిలో ఒకరు రెండింటికీ ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొట్టేయమన్నారు. మరొకరు దేనినీ ముట్టుకోవద్దన్నారు. ఎవరి మాట వినాలి?

ఆకుచూపు:
మొదటిది నందివర్ధనం. రెండోదాని ఆకులు కణుపుకు మూడేసి చొప్పున ఉన్నాయేమో చూడండి. ఉంటే గన్నేరు. పచ్చగన్నేరు ఆకులు కూడా సన్నగానే ఉంటాయి గానీ అవి కొమ్మ చుట్టూ ఒక్కొక్కటిగా వస్తాయి, పూలు గంట ఆకారంలో ఉంటాయి. ఈ మూడూ ఒకే కుటుంబం మొక్కలు. గన్నేరు, పచ్చగన్నేరు రెండూ విషపూరితం కాబట్టి కత్తిరించేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, కొమ్మలను కాల్చకండి. ఆ పొగ కూడా మంచిది కాదు.

ఆ నల్లటి ఉండలు గొంగళి రెట్టలు. తాజా ఉండలు పడిన చోటికి సరిగ్గా పైనున్న కొమ్మను కింది నుంచి చూడండి. ఆకుపచ్చగా వేలంత లావున, తోక దగ్గర చిన్న కొమ్ము, తల వెనుక నీలం తెలుపు కలిసిన రెండు కళ్లలాంటి మచ్చలు ఉంటే అది గన్నేరు హాక్ మాత్ అనే రెక్కల పురుగు పిల్ల. నందివర్ధనాన్నీ గన్నేరునూ రెండింటినీ తింటుంది. ఆకు రంగులో కలిసిపోతుంది కాబట్టి ఎదురుగా ఉన్నా కంటికి ఆనదు. పూర్తిగా పెరిగాక గోధుమ రంగుకు మారి, నేలకు దిగి రాలిన ఆకుల కింద ప్యూపాగా మారుతుంది. నా మాట అడిగితే వదిలేయండి. వేళ్లూనిన నందివర్ధనం ఆ మాత్రం ఆకులు పోతే చావదు, మళ్లీ చిగురిస్తుంది.

పదును కత్తెర:
"వదిలేయండి" అనే సలహా వినడానికి ఎంతో బాగుంటుంది, మొక్క మనది కాకపోతే. మీ గన్నేరు చిగుళ్ల మీది ఆ పసుపు పురుగులు పేనుబంక, వాటి సంగతి ఆలోచించండి. ఆడపురుగుకు మగదానితో పని లేదు, నేరుగా పిల్లలను కంటుంది. వెచ్చని రోజుల్లో ఆ పిల్లలు వారం పది రోజులకే తల్లులవుతాయి. మిత్రపురుగులు వచ్చి తింటాయని ఎదురుచూస్తే అవి ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయి, ఎందుకంటే ఆహారం పోగుపడ్డాకే వాటికి పిలుపు అందుతుంది. పైగా గన్నేరు మీది పసుపు పేనుబంక ఆ మొక్క విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది. పేనుబంకను తినే మిత్రపురుగులైన అక్షింతల పురుగులు కూడా అన్నీ దాన్ని తిని అరిగించుకోలేవు. ఇక ఎవరి కోసం ఆగాలి? మీరు పెంచుతున్నది తోటనా, పురుగులనా?

చీమలబారు:
కత్తెర గారూ, రెండింటినీ పెంచుతున్నాను, దాచేదేముంది. కానీ మీ వాదంలో ముందు ఇమిడాక్లోప్రిడ్ సంగతి తేలాలి. అది రసం పీల్చే పురుగుల మీద బాగా పనిచేసే మందు. ఆకు నమిలే గొంగళి మీద దాని ప్రభావం అంతంతమాత్రమే. అంటే రెండు పొదలకూ అదే కొట్టమన్న పెద్దమనిషి సలహాలో సగం వృథా. గొంగళికి బీటీ అనే బాక్టీరియా మందు ఉంది, అది పేనుబంకను ఏమీ చేయదు. ఏ పురుగో తెలియకుండా సీసా మూత తీయడమే అసలు తప్పు.

రెండో మాట. ఇమిడాక్లోప్రిడ్ అంతర్వాహిక మందు, అంటే మొక్క రసంలో కలిసి అంతటా పాకేది. వేళ్ల దగ్గర పోస్తే పొదలో నెలల తరబడి ఉంటుంది, పూల తేనెలోకీ పుప్పొడిలోకీ చేరుతుంది. యూరోపియన్ యూనియన్ 2018లో ఈ మందునూ దీని తోబుట్టువులు రెండింటినీ ఆరుబయట వాడకుండా నిషేధించింది, తేనెటీగల కోసమే.

చరిత్ర కూడా చూడండి. 1888లో కాలిఫోర్నియా బత్తాయి, నారింజ తోటలను ఒక పొలుసు పురుగు తినేస్తుంటే ఆస్ట్రేలియా నుంచి ఎర్ర అక్షింతల పురుగును తెచ్చి వదిలారు. రెండేళ్లు తిరగకుండా తోటలు తేరుకున్నాయి. 1940లలో డీడీటీ అనే పురుగుమందు వచ్చింది. మందు అక్షింతల పురుగులను చంపింది, పొలుసు పురుగు మళ్లీ విజృంభించింది.

పదును కత్తెర:
గొంగళి విషయంలో మీరన్నది సరే, ఆ మందు దానికి కాదు. తేనెటీగల మాటా కాదనను, పూసే పొదకు వేళ్ల దగ్గర పోయమని నేనెప్పుడూ చెప్పను. కానీ కాలిఫోర్నియా కథ పెరటికి వర్తించదు. అక్కడ వేల ఎకరాల తోట, పరాయి దేశం నుంచి వచ్చిన ఒకే పురుగు, దాన్నే తినే ఒకే శత్రువు. ఇక్కడ ఉన్నవి రెండు పొదలు.

ఇంకొకటి అడగాలి. "మేము మందులు వాడం" అనేవారంతా సబ్బు నీళ్లు, వేపనూనె కొడతారు కదా, అవి మందులు కావా? సబ్బు నీళ్లు తగిలిన మెత్తటి పురుగునల్లా చంపుతాయి, అది అక్షింతల పురుగు పిల్ల అయినా సరే. బట్టలుతికే పొడి కలిపితే ఆకు మీది మైనపు పొర పోయి ఆకులు మాడతాయి. ఎండవేళ వేపనూనె కొట్టినా అంతే. సహజమన్న మాటకు ఇంత లొంగిపోవడం నాకు అర్థం కాదు.

ఆకుచూపు:
ఈ విషయంలో నేను మీ పక్షం. వేపలోని అజాడిరాక్టిన్ పురుగుకు ఆకలి తగ్గించి, కుబుసం విడవనీయకుండా చేస్తుంది, అందుకే ఫలితం నెమ్మదిగా వస్తుంది. మర్నాడే పురుగు చావలేదని మళ్లీ మళ్లీ కొట్టేవారు మొక్కనే చంపుకుంటారు.

అయితే కొట్టే ముందు ఆ పేనుబంక గుంపును ఒక్కసారి దగ్గరగా చూడమంటాను. వాటిలో ఉబ్బిపోయి గోధుమ రంగుకు మారి కదలకుండా ఉన్నవి ఉన్నాయా? ఉంటే లోపల చిన్న కందిరీగ పిల్ల పెరుగుతోందని అర్థం, ఆ కందిరీగలకు గన్నేరు విషం అడ్డు కాదు. నల్లగా, నారింజ మచ్చలతో, ముళ్లతో వికారంగా పాకేది అక్షింతల పురుగు పిల్ల. పెద్ద పురుగును ముద్దు చేసే మనుషులే దాని పిల్లను నలిపేస్తారు. పిండినల్లిని తినే ఒక జాతిదైతే మరీ మోసం, దాని పిల్ల కూడా తెల్లటి మైనం కప్పుకొని అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. తేడా ఏమిటంటే పిండినల్లి కంటే పెద్దది, చురుగ్గా నడుస్తుంది.

మిద్దెతోట:
మీరంతా నేలలో పాతుకున్న పొద గురించి మాట్లాడుతున్నారు. నావన్నీ కుండీలు, అదీ ఎత్తైన అంతస్తులో. పక్కన చెట్లు లేవు, మిత్రపురుగులు వచ్చినా ఎప్పుడో గాని రావు. నిన్న మొన్న పెట్టిన అంటుకు ఉన్నవే పది ఆకులు, ఒక్క గొంగళి రాత్రికి రాత్రే ఖాళీ చేస్తుంది. అప్పుడు "మళ్లీ చిగురిస్తుంది" అంటే ఎలా? అయినా నేను మందు జోలికి పోను. గొంగళిని చేత్తో తీసి పెద్ద మొక్క మీద వేస్తాను, పేనుబంకను నీటి ధారతో కొడతాను. కింద పడినవాటిలో చాలావరకు మళ్లీ ఎక్కలేవు. నత్రజని ఎరువు కూడా తగ్గించాను. అది ఎక్కువైతే లేత చిగుళ్లు విపరీతంగా వస్తాయి, పేనుబంకకు కావలసిందీ అదే.

చీమలబారు:
ఎర్రనల్లి గురించి కూడా ఒక మాట. అది ఎనిమిది కాళ్ల జీవి, కీటకం కాదు. దాన్ని తినే పురుగులు మందుకు చస్తే అది పెచ్చుమీరుతుంది. ఆకు అడుగున సన్నని సాలెగూడులాంటి అల్లిక, పైన చుక్కచుక్కలుగా పాలిపోవడం కనబడితే కీటకాల మందు జోలికి అసలు పోకండి.

పెరటి బాటసారి:
ఆకుచూపు గారు చెప్పినట్టే ఉండల మీది కొమ్మలో వెతికితే దొరికాయి. కొమ్మూ కళ్లూ అన్నీ ఉన్నాయి. పొద పెద్దదే కాబట్టి వాటిని అక్కడే వదిలేశాను. గన్నేరు కణుపుకు మూడేసి ఆకులే. పేనుబంకలో గోధుమ రంగువి అక్కడక్కడా కనిపించాయి గానీ చీమలు మాత్రం కావలి కాస్తూనే ఉన్నాయి. చిగుళ్ల కింది ఆకులు నల్లగా మసి పట్టినట్టు ఉన్నాయి. అదేమైనా తెగులా?

పదును కత్తెర:
మసి తెగులు. పేనుబంక వదిలే తీపి జిగురు మీద పెరిగే బూజు అది, ఆకు లోపలికి పోదు, జిగురు ఆగితే తడిగుడ్డతో తుడిచినా పోతుంది. ఆ జిగురు కోసమే చీమలు కందిరీగలనూ అక్షింతల పురుగులనూ తరిమేస్తున్నాయి. మందు వద్దనుకున్నారు కాబట్టి కనీసం చీమల దారి మూయండి. కాండం చుట్టూ కాగితం పట్టీ కట్టి దాని మీద జిగురు పూయండి, నేరుగా బెరడు మీద పూయకండి. నేలకో గోడకో తగిలే కొమ్మ ఒక్కటి ఉన్నా పట్టీ దండగే, ముందు దాన్ని కత్తిరించండి. బాగా సోకిన చిగుళ్లు ఉంటే తీసి పారేయండి. అప్పటికీ తగ్గకపోతే మళ్లీ ఇక్కడికే రండి, నా మాట అప్పుడు చెబుతాను.