‘ఆఖర్న ట్విస్ట్ ఉంది’ అని చెప్పడం స్పాయిలరేనా?

కొత్తచదువరి: కొత్తగా వచ్చిన మిస్టరీలు, తేలిగ్గా చదివించేవి చెప్పండి. రక్తపాతం వద్దు.

చివరిపేజీ: రిచర్డ్ ఆస్మన్ ‘ది థర్స్‌డే మర్డర్ క్లబ్’ (2020). రిటైరైన నలుగురు పెద్దవాళ్లు తేలని పాత హత్య కేసులు తవ్వుతుంటే, పక్కనే కొత్త హత్య జరుగుతుంది. భలే నవ్విస్తుంది. ఐదో భాగం 2025లో వచ్చింది, వరుసలో చదవండి. పాతదైనా పర్లేదంటే అగాథా క్రిస్టీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’. ఆఖర్న ట్విస్ట్ మామూలుగా ఉండదు!

పెన్సిల్‌పాఠకుడు: ఆ ఆఖరి వాక్యం తీసేయండి మేడమ్. ట్విస్ట్ ఉందని తెలిశాక ఎవరైనా మామూలుగా చదవగలరా? మొదటి పేజీ నుంచీ అందర్నీ అనుమానించడమే. నాకు ఆ నవల చేతిలో పెడుతూ మా బావ సరిగ్గా ఇదే మాటన్నాడు. మూడో వంతుకే హంతకుడు దొరికిపోయాడు. ఆ షాక్ జీవితంలో ఒక్కసారే తినగలం, అది నాకు దక్కలేదు.

చివరిపేజీ: అది 1926 నాటి పుస్తకమండీ! ఇంకా ఎన్నేళ్లు దాచాలి? 2011లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు కొందరికి ముగింపు ముందే చెప్పి కథలు చదివించారు. వాళ్లకే కథలు ఎక్కువ నచ్చాయి.

పెన్సిల్‌పాఠకుడు: అవి చిన్న కథలు. వారం రోజులు మోసే నవలకి ఆ లెక్క ఎలా సరిపోతుంది? తర్వాతి పరిశోధనల్లో ఉల్టా ఫలితాలూ వచ్చాయి, అవి చెప్పరే?

టీకప్పు: పుస్తకాల పేర్లు చెప్పండ్రా బాబూ.

పెన్సిల్‌పాఠకుడు: చెప్తున్నా. జపాన్ రచయిత హిగాషినో ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’. చంపిందెవరో మొదట్లోనే తెలిసిపోతుంది, అయినా పుస్తకం కింద పెట్టలేం. మిస్టరీ అంటే అదీ. టైంపాస్‌కి చదివేవాళ్లకి స్పాయిలర్ ఏంటి, కాకపోతే ఏంటి!

చివరిపేజీ: ఆఁ, ఇప్పుడు బయటపడింది. నేను పేరు చెప్పిన ప్రతి పుస్తకం కిందా ‘ఇది మిస్టరీయేనా?’ అని రాసేది మీరే. తేలిగ్గా చదివించడం తప్పా? ఆఫీసు టెన్షన్‌తో ఇంటికొచ్చాక హంతకుణ్ణి పట్టుకునే ఓపిక నాకుండదు. ఆఖరి పేజీ ముందే చదివేసి, ఆ మనుషుల కబుర్ల కోసం చదువుకుంటా.

టీకప్పు: ఆఖరి పేజీ ముందా?!

పెన్సిల్‌పాఠకుడు: చులకన కాదండీ. పాఠకుడికి చూపించని ఆధారంతో కేసు తేల్చకూడదని 1929లోనే రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లిష్ డిటెక్టివ్ కథల రచయిత నియమం పెట్టాడు. రచయిత అంత నిజాయితీగా ఆడుతుంటే, నేను అనుమానం వచ్చిన చోటల్లా మార్జిన్‌లో గీత పెట్టుకుంటూ చదువుతా. నాకు అదే విశ్రాంతి. ‘ట్విస్ట్’ అన్నారంటే ఆట సగం అయిపోయినట్టే. మీకు అక్కర్లేకపోతే మీ ఇష్టం, అవతలివాళ్లకి మిగల్చండి.

చివరిపేజీ: అవతలివాళ్లలో నాలాంటివాళ్లూ ఉంటారు. సరే, ఇకమీద ముందు అడిగి చెప్తా. మీరు ‘టైంపాస్’ అనడం మానండి.

కొత్తచదువరి: ఆ హిగాషినో నవల్లో రక్తపాతం ఉందా? అదొక్కటి చెప్పండి.

పెన్సిల్‌పాఠకుడు: ఒక శవం వర్ణన కాస్త కష్టంగా ఉంటుంది. మిగతాదంతా ఒక లెక్కల మాస్టారికీ, ఒక భౌతికశాస్త్ర ప్రొఫెసర్‌కీ బుర్రల పోటీ.

చివరిపేజీ: మరి ఇది స్పాయిలర్ కాదా మాస్టారూ?