అనునాదమా, అనురణనమా?

తలకట్టు: పాత భౌతికశాస్త్ర పుస్తకంలోని వాక్యం ఒకటి సగమే గుర్తొస్తోంది. "కేంద్రకములు తమ సహజ పౌనఃపున్యమున అను... పొందును." ఎమ్మారై గురించిన మాటే. ఆ చుక్కల్లో ఉన్నది అనునాదమా, అనురణనమా?

వట్రుసుడి: అనునాదమేనండీ, ఇంగ్లీషులో రెజొనెన్స్, సందేహం అక్కర్లేదు. ఇక్కడ "అను" అంటే అనుగుణంగా అని. ఉయ్యాలను దాని ఊపు చూసి తోస్తేనే పైకి లేస్తుంది. హైడ్రోజన్ కేంద్రకం వాలిన బొంగరంలా తూగే వేగం టెస్లాకు (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) 42.58 మెగాహెర్ట్జ్. 1.5 టెస్లా యంత్రంలో అది సుమారు 63.9, 3 టెస్లాలో 127.7. 63.9 దగ్గర పంపాల్సిన రేడియో తరంగాన్ని 60 దగ్గర పంపితే కేంద్రకం కదలదు.

అరసున్న: మరి అనుజుడు ఎవరండీ? తర్వాత పుట్టినవాడు. అనుస్వారం పలికేది అచ్చు తర్వాతే. ఎమ్మారైలోనూ తర్వాత వినబడేదే ముఖ్యం. రేడియో పల్స్ కొన్ని మిల్లీసెకన్లలో ఆగిపోతుంది. అది 90 డిగ్రీలు పడగొట్టిన అయస్కాంతత్వం ఇంకా తిరుగుతూ తీగచుట్టలో వోల్టేజి పుట్టిస్తుంది. యంత్రం వినేది దాన్నే. గంట కొట్టాక మిగిలే మోత అది, అంటే అనురణనం. వాచ్యం, అంటే పైకి చెప్పిన అర్థం, తెలిశాక క్రమంగా తోచే వ్యంగ్యాన్ని ఆలంకారికుడు ఆనందవర్ధనుడు పోల్చింది ఈ మోతతోనే.

గుడిదీర్ఘం: అరసున్న గారి పోలిక బాగుంది కానీ సగమే. ఆ మోత ఎంతోసేపు ఉండదు. అయస్కాంత క్షేత్రంలో చిన్న చిన్న తేడాల వల్ల ఒక్కో కేంద్రకం ఒక్కో వేగంతో తిరిగి, జట్టు చెదిరి, సంకేతం చచ్చిపోతుంది. 180 డిగ్రీల పల్స్ ఇంకొకటి ఇస్తే వెనకబడ్డవి ముందుకొచ్చి మళ్లీ జట్టు కడతాయి. ఇలా తిరిగొచ్చే సంకేతాన్నే 1950లో భౌతికశాస్త్రవేత్త హాన్ చూపాడు, పేరు స్పిన్ ఎకో. దానికి మన మాట ప్రతిధ్వని. పైగా సంస్కృత నిఘంటువుల్లో అనునాదానికీ ప్రతిధ్వని అనే అర్థం ఉంది! కాబట్టి వట్రుసుడి గారి "అనుగుణం" వ్యుత్పత్తి తర్వాతి వాళ్లు పెట్టుకున్నదే.

వట్రుసుడి: పరిభాషకు వ్యుత్పత్తి కాదండీ, వాడుక ప్రమాణం. దాన్ని అలా ఉంచితే, "కేంద్రక అయస్కాంత అనునాదం" అన్న అసలు పేరులోంచి "కేంద్రక" అన్న మాటను తీసేసి ఎమ్మారై అనడమే నాకు బాధ. అణుబాంబు గుర్తొస్తుందని రోగులు జడుస్తారట. రేడియోధార్మికత ఇందులో ఏముంది? కార్బన్ 12, ఆక్సిజన్ 16 కేంద్రకాలకు స్పిన్ (వాటిని చిన్న అయస్కాంతాలుగా చేసే గుణం) సున్న, అవి పలకనే పలకవు. పలికే హైడ్రోజన్‌లో కూడా 1.5 టెస్లా దగ్గర క్షేత్రం వైపు మొగ్గేవి పది లక్షలకు అయిదే మిగులు, తక్కినవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అయినా ఘన మిల్లీమీటరు నీటిలో ఆ మిగులు మూడు కోట్ల కోట్లు దాటుతుంది. బొమ్మ వచ్చేది అందుకే.

కొమ్ము: "నాదం" అనగానే యంత్రం లోపలి టకటక అనుకునేవాళ్లున్నారు. అది గ్రేడియంట్ చుట్టలు, అంటే క్షేత్రబలాన్ని చోటును బట్టి కొద్దికొద్దిగా మార్చే తీగచుట్టలు, అదిరే చప్పుడు, అనునాదానికి సంబంధమే లేదు. ఆ చుట్టలు మీటరుకు 10 మిల్లీటెస్లా తేడా పెడితే మిల్లీమీటరుకు 426 హెర్ట్జ్ చొప్పున పౌనఃపున్యం మారుతుంది. స్వరాన్ని బట్టి చోటు తెలుస్తుంది. గది తలుపు దగ్గర రాగి కవచం సరిగా మూసుకోకపోతే బయటి రేడియో చొరబడి బొమ్మ మీద జిప్పులాంటి గీత పడుతుంది.

అరసున్న: స్వరం అన్నారు కనక, పోతన సీసం చదవడం ఆపాక చెవిలో తిరిగేది ఏమిటి? అనుప్రాస. అక్కడా "అను" ఉంది చూడండి.

గుడిదీర్ఘం: అనుప్రాసలో "అను" తర్వాత అని కాదండీ, రసానికి అనుగుణంగా అని ఆలంకారికులు చెప్పారు. అది వట్రుసుడి గారి పక్షమే అవుతుంది.

తలకట్టు: "పొందును"తో రెండూ కుదిరేట్టున్నాయి.

అరసున్న: తలకట్టు గారూ, ఆ వాక్యం మొదట్లో "తరంగము ఆగిన పిమ్మట" అని ఏమైనా ఉందా? గుర్తు చేసుకోండి.