పనామా తొలి పెద్ద అరాంగో: దేశభక్తుడా, రైలు కంపెనీ మనిషా?

విశాఖ సరంగు:
ఓడ ఉద్యోగంలో పనామా కాలువ మూడుసార్లు దాటాను. ఆ దేశం కొలంబియా నుంచి విడిపోయి పుట్టిన కథ ఈమధ్యే చదివాను, ఒళ్ళు మండింది. 1903 నవంబరు 4 నుంచి 1904 ఫిబ్రవరి 20 దాకా ఏలిన తాత్కాలిక మండలికి పెద్ద హోసె అగుస్తీన్ అరాంగో. ఆయన పనామా రైలు కంపెనీ వకీలు. తర్వాత తొలి అధ్యక్షుడైన అమదోర్ గెరెరో అదే కంపెనీ డాక్టరు. రహస్యంగా న్యూయార్క్‌కు ఈ కుట్ర మొదటి కబురు మోసిన బీర్స్ అదే కంపెనీ సరుకు ఏజెంటు. దీన్ని స్వాతంత్ర్యం అనాలా, కంపెనీ మీటింగు అనాలా?

గుంతకల్లు గూడ్స్:
గూడ్స్ షెడ్‌లో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయినవాణ్ణి, నవంబరు 3 సంగతి నన్ను చెప్పనివ్వండి. తిరుగుబాటు అణచడానికి కొలంబియా సైనికులు దాదాపు 500 మంది కోలోన్ రేవులో దిగారు. రైలు సూపరింటెండెంటు షేలర్ జనరళ్ళను మాత్రం ప్రత్యేక పెట్టెలో మర్యాదగా ఎక్కించి పనామా నగరానికి సాగనంపాడు. సైనికులకు బండ్లు లేవన్నారు. తర్వాత ఛార్జీ నగదుగా కట్టాలన్నారు, గవర్నరు సంతకం కావాలన్నారు. లైను మొత్తం 76 కిలోమీటర్లే! అవతల జనరళ్ళను సాయంత్రానికల్లా లోపలేశారు. బండి ఇవ్వకూడదనుకున్న రైల్వేవాణ్ణి బ్రహ్మదేవుడు కూడా కదిలించలేడు.

విశాఖ సరంగు:
నవ్వొచ్చింది గానీ, గుంతకల్లుగారూ, ముందురోజు సాయంత్రమే అమెరికా యుద్ధనౌక నాష్‌విల్ కోలోన్‌కు వచ్చి కూర్చుంది. అది మరవకండి.

మూడో పేజీ:
కంపెనీ మనిషి అని ఒక్కమాటలో తేల్చేస్తే ఎలా? 1855లో రైలు నడవకముందే, 1840లో పనామా కొలంబియా నుంచి విడిపోయి పదమూడు నెలలు విడిగా బతికింది. అప్పుడు ఏ వకీలు ఆడించాడు? అరాంగో కొలంబియా రాజధాని బొగోటాలోని సెనేట్‌లో పనామా సభ్యుడు కూడా. అమెరికాతో కాలువ ఒప్పందం ఎలాగూ నెగ్గదని 1903 సమావేశాలకు వెళ్ళలేదు. అన్నట్టే ఆగస్టు 12న సెనేట్ అనుకూలంగా ఒక్క ఓటూ పడకుండా తిప్పికొట్టింది. కొడుకుల్నీ అల్లుళ్ళనీ కూడా కుట్రలోకి దించాడాయన. బెడిసికొడితే ఇంటిల్లిపాదీ పోయేవారు.

విశాఖ సరంగు:
కొడుకులూ అల్లుళ్ళూనా! మన వైపు దానికి వేరే పేరుందిలెండి.

పాత తాళం:
మీరంతా నవంబరు 3 దగ్గరే ఆగిపోయారు. అరాంగోను నిలదీయాల్సింది డిసెంబరు 2న. నవంబరు 18న వాషింగ్టన్‌లో కొత్త కాలువ ఒప్పందం మీద పనామా తరఫున సంతకం పెట్టింది బునో-వరీయా అనే ఫ్రెంచివాడు. అమదోర్, మండలి సభ్యుడు బోయిడ్ అక్కడ రైలు దిగేసరికి పని అయిపోయింది. బొగోటా కాలదన్నిన ఒప్పందంలో స్థలం 10 కిలోమీటర్ల వెడల్పు, గడువు 100 ఏళ్ళు. దీనిలో 10 మైళ్ళు, ఎప్పటికీ. డబ్బేమో అంతే: కోటి డాలర్లు, తొమ్మిదేళ్ళ తర్వాత నుంచి ఏటా రెండున్నర లక్షలు. ఆ కాగితం ఓడలో వచ్చిన మర్నాడే అరాంగో, అరియాస్, బోయిడ్ బదులు కూర్చున్న ఎస్పినోసా, మండలి ముగ్గురూ ఆమోదించేశారు. వకీలు కదా, ఒక్క వారమైనా ఉంచుకుని చదవడా?

మూడో పేజీ:
ఆమోదించకపోతే అమెరికా నౌకలు పక్కకు తప్పుకుంటాయని బునో-వరీయా తంతి మీద బెదిరించాడు. కొలంబియా దండు వస్తే ఆపేదెవరు? కానీ ‘ఎప్పటికీ’ అన్న మాట దగ్గర నా దగ్గరా జవాబు లేదు. దాన్ని చెరపడానికి 1977 ఒప్పందం దాకా ఆగాల్సొచ్చింది, కాలువ చేతికి రావడానికి 1999 డిసెంబరు 31 దాకా.

గుంతకల్లు గూడ్స్:
అది సరే, ఆ 500 మంది చివరికి టికెట్లు కొన్నారా?

పాత తాళం:
రైలెక్కితే కదా. వాళ్ళ కర్నల్ తోరెస్‌కు 8,000 డాలర్లు ముట్టజెప్పారు. 5వ తేదీన ఓరినోకో ఓడెక్కి వెనక్కి పోయారు.

గుంతకల్లు గూడ్స్:
అంటే రెండ్రోజులు ప్లాట్‌ఫారం మీద ఆపినందుకు కంపెనీ వైపు వాళ్ళే ఎదురు కట్టుకున్నారన్నమాట. మా షెడ్‌లో ఆలస్యానికి కట్టే డెమరేజ్ ఎప్పుడూ పార్టీ దగ్గరే వసూలు చేసేవాళ్ళం!