డ్రాగన్ బాల్ జెడ్: మూలం చూపించాలా, కాయ్ చాలా?

ఈ సెలవుల్లో మా తమ్ముడితో కలిసి డ్రాగన్ బాల్ జెడ్ అనే జపాన్ యానిమేషన్ సీరియల్‌ను మొదటి నుంచి చూడాలని నా కోరిక. 1989లో మొదలైన మూలం 291 భాగాలు. దాన్నే కుదించి 2009లో తెచ్చిన కాయ్‌లో సెల్ అనే విలన్ కథ ముగిసేసరికి వంద భాగాలు కూడా కావు. మాంగాలో (దీనికి ఆధారమైన జపాన్ కామిక్‌లో) లేని సాగదీతను చాలావరకు తీసేశారు. నామెక్ గ్రహం ఐదు నిమిషాల్లో పేలిపోతుందని విలన్ ఫ్రీజా చెప్పాక కూడా పోరు భాగాల తరబడి నడుస్తుంది, అక్కడ కోత న్యాయమే. కానీ హీరో గోకూ, అతని తోటి యోధుడు పికోలో కారు నడపడం నేర్చుకునే భాగమూ పోయింది! మామూలు చొక్కా, టోపీ వేసుకుని స్టీరింగు పట్టుకున్న పికోలోను మా తమ్ముడు చూసి తీరాలి.

రెండూ పూర్తిగా చూసినవారు దయచేసి చెప్పండి: కాయ్ చూస్తూ, మూలంలోని కొన్ని భాగాలను మధ్యలో కలిపితే కథ తెగినట్టు అనిపిస్తుందా? అలా తప్పక చూపించాల్సినవి ఇంకా ఏవి?